కంటికి కానరాని నులక



నేను మణికొండ వాసిని. హైదరాబాదునకు పడమటి దిక్కున, గండిపేట చెఱువునకు పోవు త్రోవకు చేరువగా నున్న యీ యూరు మా పెద్దల కాలమున ఱాతిగుట్టల నడుమ నొదిగిన చిన్న పల్లె. నేడచ్చట గుట్టలకంటె మేడలే ఎత్తుగా లేచినవి. ఉదయమున వీథిలోనికి వచ్చినచో మొదట కనబడునది ఇనుప చువ్వల పంజరము. మేస్త్రీ చువ్వలను నిలిపి, అడ్డుచువ్వలు వేసి, సన్నని తీగతో ముడులు బిగించును. ఆపైని బలకలు కొట్టి కాంక్రీటు పోయుదురు. గోడలు పూర్తియై రంగు వేసిన పిమ్మట ఆ చువ్వ యెవ్వరి కంటికిని కానరాదు. ఇల్లు కొనువాడు రంగును చూచును, నేలమీది ఱాళ్లను చూచును. మేడను నిలిపినవి మాత్రము కానరాని యా చువ్వలును ముడులునే.

మన దేహములోని కణమునందును ఇట్టి కానరాని కట్టడ మొకటి కలదు. కణమును కప్పియున్న పలుచని పొరను వంచునదియు, నిలుపునదియు, సాగదీసి మరల యథాస్థానమునకు తెచ్చునదియు ఆ కట్టడమే. దానిని గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇది విద్వాంసుల వినోదమునకు మాత్రమే చెప్పునది గాదు. పెండ్లి సంబంధములు నిశ్చయించు పెద్దలు తెలిసికొనవలసిన సంగతి యొకటి దీనిలో నిమిడి యున్నది. దానిని కడపట విన్నవింతును.

ఒక రక్తపు చుక్కతో ఆరంభింతము. ముల్లు గ్రుచ్చుకొన్నపుడు వ్రేలిపై నిలుచు చుక్కను మీరెఱుగుదురు. ఘన మిల్లీమీటరు రక్తములో, అనగా ఆవగింజంత చోటులో, సుమారు 50 లక్షల ఎఱ్ఱకణములుండును. ఒక్కొక్కటి బిళ్లవలె గుండ్రమై, నడుమ ఇరుప్రక్కల లొత్తపడి యుండును. దాని వెడల్పు మిల్లీమీటరును వేయి పాళ్లు చేసినచో అందులో ఏడెనిమిది పాళ్లు. ఊపిరితిత్తులయొద్ద ప్రాణవాయువును నింపుకొని, దేహమంతయు తిరిగి పంచి, మరల వచ్చుట దాని యుద్యోగము. ఆ చుట్టు తిరుగుటకు దానికి సుమారు ఒక నిమిషము పట్టును. ఇట్లు 120 దినములు పనిచేసి యది విరమించును.

ఈ ప్రయాణములో చిక్కొకటి కలదు. మిక్కిలి సన్నని రక్తనాళములు కణముకంటె ఇఱుకైనవి. ప్లీహములోని సందులు మఱింత ఇఱుకైనవి. వాని వెడల్పు మిల్లీమీటరులో వేయవ వంతు, రెండు వేయవ వంతులకు మించదు. ఆ సందులో కణము దూఱునపుడు నలిగి, సాగి, చేతిరుమాలువలె మడతపడి, అవతలికి వచ్చినంతనే మరల బిళ్లగా నిలుచును. 120 దినములలో ఇట్టి పరీక్షల కెన్నిమాఱులు నిలువవలెనో ఊహించుడు. ఈ సాగుడును, ఈ నిలుకడయు దాని కెచ్చటినుండి వచ్చినవి?

పైపొరనుండి వచ్చినవని తోచును గాని, అది నిజము గాదు. కణపు పొర కొవ్వుజాతి పదార్థముతో నైనది. 1925వ సంవత్సరమున హాలెండు దేశములోని గోర్టర్, గ్రెండెల్ అను నిరువురు ఎఱ్ఱకణముల పొరలనుండి ఆ కొవ్వును వేఱుపఱచి నీటిపై పఱచి కొలిచిరి. అది కణముల పైవైశాల్యమునకు రెట్టింపు వచ్చినది. కావున పొర యొక్కటి గాదు, ఒకదాని నొకటి అంటుకొన్న రెండు రేకులని తేలినది. రెండు రేకులు కలిసియు దాని మందము మిల్లీమీటరును పది లక్షల పాళ్లు చేసినచో అందులో సుమారు అయిదు పాళ్లే. అది గట్టి తోలువంటిది గాదు. నీటిపై తేలు నూనెతెట్టువంటిది. పిల్ల లూదు సబ్బుబుడగ గుండ్రముగానే యుండ గోరును గాని, నడుమ లొత్తతో నుండ గోరదు. కొవ్వుపొరయు అంతియే. మఱి ఎఱ్ఱకణమునకు లొత్త నిచ్చిన దెవరు?

దీనికి సమాధానము దయ్యములలో దొరకినది. నవ్వకుడు. ఎఱ్ఱకణమును పలుచని నీటిలో వేసినచో అది ఉబ్బి, లోని ఎఱ్ఱని హీమోగ్లోబిన్ వెలుపలికి కాఱిపోయి, తెల్లని ఒట్టి పొర మిగులును. రక్తము లేని ఆ నీడను చూచి శాస్త్రజ్ఞులు దానికి దయ్యమని పేరిడిరి. 1968లో అమెరికా దేశమున మార్కేసి, స్టీర్స్ అనువారు ఆ దయ్యపు పొరయొక్క లోపలి వైపునుండి పొడుగుపాటి మాంసకృత్తు నొకదానిని వెలికి దీసిరి. ఇంగ్లీషున దయ్యమునకు గల పేరునుబట్టియే దానికి స్పెక్ట్రిన్ అని నామకరణము చేసిరి.

మాంసకృత్తులనగానే పప్పులోను, గ్రుడ్డులోను, పాలలోను ఉండునవని మీకు తోచును. అవి నిజమే. అయితే మనము తిన్న మాంసకృత్తులు కడుపులో విడిపోయి చిన్న చిన్న పూసలగును. అమైనో ఆమ్లములను ఆ పూసలను దేహము తన చిత్తము వచ్చినట్లు గాక, తాతముత్తాతలనుండి వచ్చిన జన్యువుల యానతి చొప్పున మరల దండలుగా గ్రుచ్చుకొనును. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో ముందే నిర్ణయమై యున్నది. దండ ముడుచుకొని యొక రూపము దాల్చును; ఆ రూపమే దాని పని. కణములోని కూలీలు, మేస్త్రీలు, త్రాళ్లు, చువ్వలు, ముడులు, అన్నియు ఇట్టి దండలే.

ఇప్పుడు మీ యింటి చావడిలోని నులకమంచమును తలచుకొనుడు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, నడుమ నులక యల్లిక. మనిషి కూర్చున్నంతనే అది లోనికి క్రుంగును. లేచినంతనే బిగిసి పైకి వచ్చును. బల్లవలె గట్టిగా నుండదు, గోనెపట్టవలె వ్రేలాడదు. ఎఱ్ఱకణపు పొరక్రింద స్పెక్ట్రిన్ ఇట్టి నులకయే. ఒక కణములో సుమారు లక్ష స్పెక్ట్రిన్ త్రాళ్లు చిన్న చిన్న కన్నులుగా అల్లుకొని యున్నవి. త్రాళ్లు కలిసికొను చోట ముడిగా నున్నది ఆక్టిన్ అను మఱియొక మాంసకృత్తుతో చేసిన పొట్టిచువ్వ. ఈ యల్లికను పై పొరకు కట్టి పట్టుకొనుటకు ఆంకిరిన్ అనునది కొక్కెమువలె పనిచేయును. త్రాడు సాగును, ముడి నిలుచును, కొక్కెము వదలదు. కావుననే ఎఱ్ఱకణము నలిగియు నలుగనిది. ఈ యల్లికకే కణపంజరమని పేరు.

కొక్కెము వదలినచో నేమగును? పుట్టుకతోనే ఆంకిరిన్ గాని స్పెక్ట్రిన్ గాని కొఱతపడినవా రున్నారు. వారి కణములలో నులక పట్టు తప్పిన చోట పై పొర కొద్దికొద్దిగా చినిగి రాలిపోవును. పొర తఱిగినకొలది బిళ్ల కాస్తయు గోళీ యగును. గోళీ యిఱుకు సందులో దూఱలేదు. ప్లీహము దానిని పట్టి నశింపజేయును. మనిషికి రక్తము తగ్గి, కన్నులు పచ్చబడి, ప్లీహము పెరుగును; కడుపులో బల్ల పెరిగినదని పల్లెలలో చెప్పుదురు గదా, ఆ విధముగా. మందము చాలని యొక్క కొక్కెము ఇంత పనిచేయును.

నులక నిలుపునది, మఱి వంచున దెవరు? ఎఱ్ఱకణము పుట్టుకను చూచినచో ఇది తెలియును. ఎముకలలోని మజ్జ మన కణములకు కుమ్మరి సారె. అచట సెకండునకు సుమారు 20 లక్షల ఎఱ్ఱకణములు తయారగుచున్నవి. లేతకణము హీమోగ్లోబిన్ చేసికొనుటకు ఇనుము వలయును. ఇనుమును మోసికొని వచ్చు మాంసకృత్తు కణపు వాకిటికి వచ్చి నిలుచును. తలుపు తెఱచి లోనికి తీసికొనుటకు పొరకు తలుపులు లేవు. అందుచేత కణము తన పొరనే లోనికి చిన్న తిత్తివలె వంచి, ఇనుమును అందులో నిడి, తిత్తిమూతిని బిగించి త్రెంపి లోపలికి లాగుకొనును.

ఈ వంచు పనికి మాంసకృత్తులు పలువిధముల పూనుకొనును. గూడుబండిని చూచినవారికి వీనిని వేఱుగా వర్ణింప నక్కఱలేదు. వెదురుబద్దలను ముందే వంచి నిలిపి, వానిపై చాప కప్పుదురు. చాప బద్దల వంపునే పొందును. అట్లే కొన్ని మాంసకృత్తులు పుట్టుకతోనే నెలవంకవలె వంగి యుండి, పొరకు అంటుకొని తమ వంపును దానికిచ్చును. 2004లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో పీటర్, మెక్‌మాన్ మొదలగువా రిట్టి వంకర మాంసకృత్తుయొక్క రూపమును స్పష్టముగా చూపిరి. రెండవ విధము చీలవంటిది. రెండు రేకులలో ఒకదానిలోనికే మాంసకృత్తు తన కొనను చీలవలె దిగగొట్టును. ఆ రేకు వెడల్పై, పొర అటువైపు ఉబ్బును. మూడవ విధము మేదరిపని. క్లాత్రిన్ అను మాంసకృత్తు మూడు కాళ్ల ముక్కాలిపీటవలె నుండును. ఇట్టివి యనేకములు కాళ్లు పెనవేసికొని, అయిదు మూలల కన్నులును ఆఱు మూలల కన్నులును గల బుట్టను తిత్తిచుట్టు అల్లును. 1975లో కేంబ్రిడ్జిలోనే బార్బరా పియర్స్ అను విదుషి ఈ బుట్టతొడుగు గల తిత్తులను శుద్ధిచేసి వేఱుపఱచెను.

బుట్ట అల్లిన పిమ్మట మూతి త్రెంపవలెను. డైనమిన్ అను మాంసకృత్తు తిత్తి మెడచుట్టు త్రాటివలె చుట్టుకొని, బిగిసి, దానిని త్రెంపును. ఈ పనిని కన్నులార చూచుటలో మన హైదరాబాదునకు సంబంధ మొకటి కలదు. 1977లో నెలకొల్పబడి హబ్సీగూడలో నున్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున అమితాభ చట్టోపాధ్యాయగారి యొద్ద పరిశోధన నేర్చిన థామస్ పుకడియిల్‌గారు అమెరికాకు పోయి, శాండ్రా ష్మిడ్ అను విదుషితో కలిసి పనిచేసి, గాజుపూసలపై కృత్రిమమైన కొవ్వుపొరను పఱచి, దానిపై డైనమిన్‌ను వదలి, పొర తునిగి తిత్తులుగా విడివడుటను సూక్ష్మదర్శినిలో నప్పటికప్పుడు చూపిరి. ఇది 2008 నాటి సంగతి. అదే యేట హైదరాబాదులో చట్టోపాధ్యాయగారి బృందము పొరక్రింది ఆక్టిన్ చువ్వలను విడదీసినచో పొరలోని మాంసకృత్తుల కదలిక మాఱుననియు, దానితోపాటు కణము సంకేతముల నందుకొను తీరును మాఱుననియు తెలిపిరి. అనగా పంజరము రూపమునకే గాక, కణపు వినికిడికిని ఆధారమన్నమాట.

మణికొండ మేడచువ్వకును కణపుచువ్వకును భేద మొకటి కలదు. మేడచువ్వ నొకసారి పాతినచో పాతినట్లే యుండును. పెక్కు కణములలో ఆక్టిన్ చువ్వలు జాతరలోని గుడారమువంటివి. క్షణములో లేచును, క్షణములో విప్పుకొనును. రోగక్రిమిని వెంటాడు తెల్లకణము ముందువైపు చువ్వలను నిర్మించుచు, వెనుకవైపున విప్పుచు, పొరను ముందునకు నెట్టుకొనుచు ప్రాకును. ఆ చువ్వలును తమ పూర్ణబలమున బిగిసి ఎఱ్ఱకణము పుట్టునపుడు దాని కేంద్రకమును వెలుపలికి గెంటివేయుటకు తోడ్పడును. కేంద్రకము పోయిన పిమ్మటనే కణమునకు మడతపడు సౌకర్యము కలుగును.

ఇన్ని పనులకు కూలి యేది? కణములో కూలి ఎ.టి.పి. అను పదార్థము. దీనిని 1929లో కనుగొన్నవారిలో మన తెలుగువాడు భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగా రుండుట మనకు గర్వకారణము. ఆయన అమెరికాలో హార్వర్డు విద్యాలయమున ఫిస్కెతో కలిసి దీనిని కనుగొనెను. జర్మనీలో లోమాన్ అదే కాలమున వేఱుగా కనుగొనెను. ఎఱ్ఱకణములో ఈ కూలి తఱిగినచో బిళ్ల ఉమ్మెత్తకాయవలె ముండ్లుదేలును. మరల కూలి చేకూర్చినచో, ఆలస్యము కానంతవఱకు, ముండ్లు పోయి బిళ్లయగును. రక్తనిధులలో చాల దినములు నిలువయుంచిన రక్తమునందు ఈ ముండ్లు కనబడుటకు గల కారణములలో ఇదియొకటి.

ఇంతవఱకు పంజరము పొరను కాపాడు తెఱగు చెప్పితిని. ఇక లోపలి మాంసకృత్తే శత్రువై పొరను వంచు తెఱగు వినుడు.

ఎఱ్ఱకణము నిండ హీమోగ్లోబిన్ ఉండును. ఒక్క కణములో సుమారు 27 కోట్ల అణువులు. అవి ఒకదాని నొకటి అంటక, సంతలో జనమువలె ఒత్తుకొనియు విడివిడిగా తిరుగుచుండును. ఈ హీమోగ్లోబిన్‌లో బీటా యను దండయందు 146 పూసలున్నవి. కొందఱికి తల్లిదండ్రులనుండి వచ్చిన జన్యువులో చిన్న తప్పు వలన ఆఱవ పూస మాఱిపోవును; గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలిన్ వచ్చి చేరును. 146 పూసలలో ఒక్క పూస! ఇట్టి హీమోగ్లోబిన్ ప్రాణవాయువును దించినంతనే జిగురుగలదై, ఒకదాని కొకటి అంటి, పొడుగుపాటి నారలుగా పేరుకొనును. నారలు గుదికట్టి లోపలినుండి పొరను పొడిచి సాగదీయును. మెత్తని బిళ్ల వంగి, బిగిసి, కొడవలి యగును.

ఈ వంకర కణములను 1910లో చికాగో వైద్యుడు హెరిక్ మొదట వర్ణించెను. దోషము హీమోగ్లోబిన్ అణువులోనే యున్నదని 1949లో పౌలింగును ఆయన తోడివారును చూపిరి. మాఱినది ఒక్క పూసయేనని 1950ల నడుమ ఇంగ్రాం తేల్చెను. ఒక్క యక్షరము తప్పిన దస్తావేజు వ్యాజ్యమునకు తెచ్చినట్లు, ఒక్క పూస తప్పి యొక జీవితమును బాధకు తెచ్చుచున్నది.

కొడవలికణము సన్ననాళములో చిక్కుకొనును. వెనుకనుండి వచ్చు కణములు దానిపై పేరుకొనును. కాలువకు కసవు అడ్డుపడినట్లు రక్తము నిలుచును. ఆ దిగువ భాగమునకు ప్రాణవాయువు అందదు. అదియే ఎముకలను పిండినట్లుండు నొప్పి. నిన్న ఆడుకొన్న బిడ్డ నేడు మోకాళ్లు పట్టుకొని యేడ్చును. పసిబిడ్డకు చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు వాచును. దీనిని వాతమనియు, దిష్టి యనియు, పని యెగ్గొట్టుటకు వేసిన వేషమనియు తలచి యెందఱో బిడ్డలను గద్దించిన వారున్నారు. అది బిడ్డ నేరము గాదు. 120 దినములు బ్రదుకవలసిన కణములు పది యిరువది దినములలో నశించుచుండగా, ఆ దేహము సగము జీతముపై పనిచేయు కూలివంటిది.

ఇక్కడ పంజరము మరల మన కథలోనికి వచ్చును. ప్రాణవాయువు మరల దొరికినంతనే నారలు కరగి కణము బిళ్లగా మాఱును. మఱల దించినంతనే వంగును. ఇట్లు అనేకమాఱులు వంగి లేచిన పిమ్మట కొన్ని కణములు ఎంత ప్రాణవాయువు అందించినను లేవవు. కారణ మేమి? 1976లో అమెరికాలో లక్స్ మొదలగువారు అట్టి కణములనుండి హీమోగ్లోబిన్‌ను పూర్తిగా తొలగించిరి; దయ్యము కొడవలిగానే యుండెను. సబ్బువంటి ద్రవముతో కొవ్వుపొరను గూడ కరగించిరి. మిగిలిన స్పెక్ట్రిన్ నులకయు కొడవలిగానే యుండెను! వంచినవాడు పోయినను వంపు నులకలో మిగిలినది. ఎండవానలకు వదలిన మంచపు నులక ఒకప్రక్కకు క్రుంగి, మనిషి లేచినను క్రుంగియే యున్నట్లు. కావున కణమునకు మాటిమాటికి వంగు అవస్థ రాకుండ కాపాడుట వైద్యమునకు ముఖ్యము.

ఇంత కీడు చేయు జన్యువు తరతరములుగా ఏల నిలిచినదని మీరడుగుట న్యాయము. దానికి ప్రత్యుత్తరము బేగంపేటకు తీసికొనిపోవును. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో నున్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను; 1902లో దానికి నోబెల్ బహుమానము పొందెను. దోమ కాటుతో వచ్చిన ఆ క్రిమి కడకు చేరునది ఎఱ్ఱకణమునకే. తన స్వంత ఆక్టిన్ బలముతో పొరను లోనికి నొక్కుచు, పొరనే గదిగా చేసికొని లోన దూఱును. పిదప విషజాతి మలేరియా క్రిమి కణపు నులకనే సవరించి, ఉపరితలమున బొడిపెలు మొలిపించి, వానితో నాళపు గోడను అంటిపట్టును. ఆ బొడిపెల సామగ్రిని పైకి చేరవేయుటకు మన కణములోని ఆక్టిన్‌నే ఊడబెరికి త్రోవలుగా వేసికొనునని 2011లో జర్మనీలోని హైడెల్‌బర్గు పరిశోధకులు చూపిరి. కొడవలి హీమోగ్లోబిన్ మొదలైన మార్పులు గల కణములలో ఆ త్రోవలు సరిగా అమరవు. దొంగ వేసికొన్న నిచ్చెన విఱిగినది!

కావుననే తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్క తప్పు జన్యువు మాత్రమే వచ్చినవారు సాధారణముగా ఆరోగ్యముగానే యుందురు; పైగా మలేరియాయొక్క ఘోరరూపమునుండి చాలవఱకు తప్పించుకొందురు. మలేరియా ప్రబలిన అడవిప్రాంతములలో ఈ లక్షణము నిలిచియుండుటకు హేతువిది. మన తెలుగునాట ఆదిలాబాదు గోండులలోను, గోదావరి తీరపు కోయలలోను, విశాఖ మన్యమునను ఇది కానవచ్చును. అయితే ఒక జాతికో కులమునకో అంటిన మచ్చ యని తలపరాదు. పూర్వులను చలిజ్వరమునుండి కాపాడిన కవచమునకు చెల్లించిన వెల యిది. ఇతర కులములలోను ఇది కనబడును.

ఇప్పుడు ఆరంభమున చెప్పెదనన్న మాట. ఒక్క తప్పు జన్యువు గలవారిని లక్షణవాహకులందురు. వరుడును వధువును ఇరువురు వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట ఒకపాలు, వాహకుడగుటకు రెండుపాళ్లు, రెండును లేక పుట్టుటకు ఒకపాలు అవకాశము. మొదటి బిడ్డకు వచ్చినది గాన రెండవ బిడ్డకు రాదని నమ్మరాదు. ప్రతి కాన్పును వేఱు లెక్కయే. ఒకరు మాత్రమే వాహకులై, రెండవవారి హీమోగ్లోబిన్ నిర్దోషమైనచో బిడ్డకు ఈ వ్యాధి రాదు. ఒకరికి కొడవలి లక్షణమును, రెండవవారికి థలసీమియా లక్షణమును ఉన్నచో మాత్రము వ్యాధి రావచ్చును. ఒకే వంశమునుండి వచ్చినవా రొకే తప్పును మోసికొని యుండుటకు అవకాశ మెక్కువ. కావున మేనరికము చేయు ఇండ్లలో ఈ యెఱుక మఱింత అవసరము.

పరీక్ష కష్టమైనది గాదు. వ్రేలినుండి తీసిన చుక్కతో మొదటి పరీక్ష జరుగును. అనుమానమున్నచో మఱికొంత రక్తముతో హీమోగ్లోబిన్ రకములను వేఱుచేసి నిశ్చయింతురు. 2023 జూలై 1న మధ్యప్రదేశములోని శహడోల్‌లో కేంద్రప్రభుత్వము కొడవలికణ వ్యాధి నిర్మూలన కార్యక్రమమును ఆరంభించినది. గిరిజన ప్రాంతములలో 40 ఏండ్ల లోపు వారిలో 7 కోట్ల మందిని పరీక్షించుటయు, 2047 నాటికి ఈ వ్యాధిని తొలగించుటయు దాని సంకల్పము. మా మణికొండకు దూరము గాని శివరాంపల్లిలో, 1998లో ఏర్పడిన థలసీమియా, సికిల్ సెల్ సంఘము రోగులకు సేవ చేయుచున్నది.

పెద్దలారా, జాతకములు చూపించుటకు మీరు పదిమైళ్లు పోవుదురు. పిల్లవాని పొలమెంతో, పిల్ల గుణమెట్టిదో విచారింతురు. అదే పూనికతో, మాట యిచ్చుటకు ముందే, ఇరువురి రక్తమును పరీక్షింపజేయుడు. తాంబూలములు పుచ్చుకొన్న పిమ్మట పరీక్ష చేయించినచో నిజమును దాచు బుద్ధి పుట్టును. ఇంకను మంచిది, యౌవనము వచ్చినవారందఱిని సంబంధముల ప్రసక్తి లేకుండగనే పరీక్షింపజేయుట. వాహకుడని తేలినవానిని చిన్నచూపు చూడవలదు. అతడు రోగి గాడు. వాహకులైన ఆలుమగలు ఇప్పటికే యున్నచో, గర్భము నిలిచిన తొలి నెలలలోనే వైద్యుని సలహా పొందవలెను.

వ్యాధి యున్న బిడ్డకు మీ రింట చేయదగినవి కొన్ని గలవు. దప్పి కాకముందే నీరు త్రాగించుడు. ఎండలో నీరు లేక పనిచేయించకుడు. చలికి గుడ్డ కప్పుడు. టీకాలను తప్పింపకుడు. వైద్యుడు హైడ్రాక్సీయూరియా వ్రాసినచో మానక వాడించుడు; అది గర్భస్థశిశువులో నుండు పూర్వపు హీమోగ్లోబిన్‌ను మరల పెంచి, నారలు పేరుకొనుటను తగ్గించును. జ్వరము వచ్చినను, ఱొమ్ములో నొప్పియో ఆయాసమో కలిగినను, ఒక చేయి పడిపోయినను, బిడ్డ పాలిపోయి కడుపు ఉబ్బినను, తెల్లవాఱుదాక చూతమని యాగక ఆసుపత్రికి తీసికొనిపొండు. జన్యువునే సవరించు చికిత్సలకు 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చినది. అవి మిక్కిలి ఖరీదైనవి. పెండ్లికి ముందటి పరీక్ష మాత్రము నేడే మన చేతిలో నున్నది.

మణికొండలో మేడకు కాంక్రీటు పోయుటకు ముందు ఇంజనీరు వచ్చి చువ్వల ముడులను చూచిపోవును. పోసిన పిమ్మట చూచుటకు వీలులేదు గనుక ముందే చూచును. మన బిడ్డల సంసారములకును మీరే ఆ యింజనీర్లు. కంటికి కానరాని ముడి యొకటి కలదని తెలిసిన పెద్ద దానిని ముందే చూపించును. రేపు పుట్టబోవు మనుమడు ఎముకల నొప్పితో ఏడ్వకుండుట ఆ ముందుచూపుపై నాధారపడి యున్నది.